నాగకన్య, కలివి ఉన్న పెద్దల విజువల్ నావెల్ గేమ్ సీమ నేల మీద ఎలా తయారు చేయాలి

మాన్‌స్టర్ గర్ల్స్ అని గేమింగ్ లోకం పిలిచే, సగం మనిషి సగం జంతువో రాకాసో అయిన పాత్రలతో విజువల్ నావెల్ (బొమ్మలు, సంభాషణలు, ఎంపికలతో నడిచే కథ ఆట) చేయాలనుకునేవాళ్ళు ఎక్కువమంది ఒక అందమైన అమ్మాయిని గీసి, తలకు రెండు కొమ్ములో వెనక ఒక తోకో తగిలించి మొదలుపెడతారు. నాలుగు సీన్లు గడిచేసరికి ఆ కొమ్ములు ఉన్నా లేకున్నా కథకు తేడా ఉండదు. మీరు తయారు చేసే ఆటలో అలా జరగకూడదంటే పాత్ర ఒంటి తీరు, అలవాట్లు, భయాలు యుద్ధంలో నియమాలుగా మారాలి. ప్రేమలో అడ్డంకులుగానూ మారాలి. కింద చెప్పే లెక్కలు, సెట్టింగులు అన్నీ దీన్ని పట్టుకునే నడుస్తాయి.

ఉదాహరణకు ఒక చిన్న ఆట తీసుకుందాం. కథానాయకుడు జమ్మలమడుగులో బోరు మోటార్లు బాగుచేసే 28 ఏళ్ళ మెకానిక్. కథానాయికలు ముగ్గురు. బెలుం గుహల అడుగున నాగకన్య, లంకమల ముళ్ళకంపల్లో కలివికోడి పిట్ట పోలికలున్న కలివి, గండికోట పక్క గుట్టల్లో తోడేలు జాతి ఆడమనిషి. మొదటి ఆటకు ముగ్గురు చాలు. ఆరుగురిని పెట్టుకుంటే బొమ్మల దగ్గరే ఏడాది గడిచిపోతుంది.

మొదట స్వభావం రాసుకోండి

ఒక్కో పాత్రకు ఒక పేజీ తీసుకుని నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఆమె ఒళ్ళు ఏం చేయగలదు, ఏం చేయలేదు? దేనికి భయపడుతుంది? మనుషుల మీద ఆమె ఫిర్యాదు ఏమిటి? ఆమెకు దగ్గర కావాలంటే ఆటగాడు ఏం వదులుకోవాలి? కథాంశం దొరికేది నాలుగో జవాబులోనే.

నాగకన్యను చూడండి. బెలుం గుహలు భూగర్భ జలం సున్నపురాయిని తొలిచి చేసినవి. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అన్నిటికంటే లోతున పాతాళగంగ ఉంది. అక్కడి నీళ్ళే ఆమె ప్రాణం అనుకోండి. పైన మనుషులు బోర్లు వేసి నీళ్ళు తోడేస్తున్నారు. ఇక మన నాయకుడు ఎవరు? బోరు మోటార్లు నడిపించి బతికేవాడు. గొడవ పుట్టడానికి విలన్ అక్కర్లేదు. మొదటి సంభాషణ కూడా దానంతట అదే వస్తుంది.

"పైపులు ఎంత లోతుకి దించినారప్పా మీరు?"
"వెయ్యి అడుగులు."
"తొమ్మిదినూర్ల అడుగుల కాడే నేను పండుకునేది."

కలివి పాత్రకు ఆధారం కలివికోడి. అసలు అంతరించిపోయిందనుకున్నారు, 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఇది రాత్రి తిరిగే పిట్ట. ఎగరడం కంటే పరుగెత్తడం ఎక్కువ. పెద్ద కళ్ళు, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. ఇవన్నీ మీకు పనికొస్తాయి. పరుగు పిట్ట కాబట్టి భారీ రెక్కలు గీయనక్కర్లేదు. పట్టీలు ఆమె కప్పుకున్న శాలువా అంచులవుతాయి, గొంతు మచ్చ పూసల దండ అవుతుంది. రాత్రిపూట మాత్రమే కలుస్తుంది, టార్చి వేస్తే పారిపోతుంది. ఎనభై ఏళ్ళకు పైగా అందరూ లేదనుకున్న ఆడదానికి 'నన్ను చూశానని ఎవరికీ చెప్పొద్దు' అనే కోరిక ఉండటం ఎంత సహజం! అక్కడే మీ ముగింపు ఒకటి ఉంది.

తోడేలు పాత్ర గురించి ఒక్క మాట. తోడేలు మందతో ఉంటుంది. కాబట్టి ఆమె నమ్మకం ఒక్కతిది కాదు, మందదంతా గెలవాలి.

దేవతల జోలికి వెళ్ళకండి. అహోబిలం చెంచులక్ష్మినీ, గ్రామదేవతలనూ ఇలాంటి ఆటలో వాడటం నమ్మినవాళ్ళను గాయపరచడమే. యక్షిణి, నాగిని, కామిని, రాకాసి లాంటి జానపద జాతుల నుంచి కొత్త మనిషిని పుట్టించండి. పేరు కూడా కొత్తదే పెట్టండి.

వయసు, చట్టం: బొమ్మ గీయకముందే తేల్చుకోవలసినవి

పాత్రలందరూ పెద్దవాళ్ళే అయి ఉండాలి, చూడటానికీ అలాగే ఉండాలి. 'ఆమెకు వెయ్యేళ్ళు' అని రాసి పసిపిల్లలా గీయడం ఏ సాకుతోనూ చెల్లదు. ఐటీ చట్టం 67బి సెక్షన్ పిల్లలను అలా చూపడాన్ని నేరంగా చూస్తుంది. ఏ మంచి వేదికా అలాంటి ఆటను ఉంచదు. చట్టం సంగతి పక్కన పెట్టినా అది చేయకూడని పనే.

మిగతా విషయంలో, 2000 నాటి ఐటీ చట్టం 67 సెక్షన్ కింద అశ్లీలమైనదాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురిస్తే మొదటిసారి 3 ఏళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. లైంగిక చర్యను బాహాటంగా చూపేదైతే 67ఎ కింద 5 ఏళ్ళు, 10 లక్షలు. ఇక్కడ కూర్చుని ఆట విడుదల చేసేవాళ్ళకు మా సలహా ఒకటే. కోరికను, వెలితిని, తాకాలా వద్దా అన్న తటపటాయింపును ఎంత లోతుగానైనా రాయండి, తలుపు మూసుకున్నాక తెర నలుపు చేయండి. పెద్దల ఆటకు కావలసిన బరువు ఆ ముందు సీన్లలోనే ఉంటుంది.

18 ఏళ్ళ ప్రశ్నను మెయిన్ మెనూకు ముందే అడగాలి. విజువల్ నావెల్ ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్ రెన్‌పైలో 'స్ప్లాష్‌స్క్రీన్' అనే పేరుతో లేబుల్ (స్క్రిప్ట్‌లో పేరు పెట్టిన భాగం) రాస్తే అది ఆట తెరవగానే నడుస్తుంది. జవాబును పర్సిస్టెంట్ వేరియబుల్‌లో, అంటే ఆట మూసినా చెరిగిపోని విలువలో దాచండి, లేకపోతే తెరిచిన ప్రతిసారీ అదే ప్రశ్న ఎదురై విసుగొస్తుంది.

రెన్‌పైలో తెలుగు నిలబెట్టడం

రెన్‌పై ఉచితం, అమ్ముకునే ఆటలకూ డబ్బు కట్టనక్కర్లేదు. 2004 నుంచి ఉంది, పైథాన్ మీద నడుస్తుంది. 8.2 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ దించుకోండి. పాత వెర్షన్లలో తెలుగు గుణింతాలు, ఒత్తులు విడివిడిగా పడి 'క్ష్మి' లాంటివి ముక్కలై కనిపించేవి. అక్షరాలను సరిగా కలిపి చూపే హార్ఫ్‌బజ్ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది.

లాంచర్‌లో కొత్త ప్రాజెక్టు తెరిచి 1920×1080 ఎంచుకోండి. మొదటి డైలాగ్ తెలుగులో రాసి నడిపితే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. కంగారు పడకండి, రెన్‌పైతో వచ్చే ఫాంటులో తెలుగు లేదు, అంతే. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ దించి గేమ్ ఫోల్డర్‌లో పెట్టండి. ఆట రూపురేఖల సెట్టింగులుండే జీయూఐ ఫైలులో ఫాంటు పేరు మూడు చోట్ల ఉంటుంది: డైలాగుకు, పాత్ర పేరుకు, మెనూలకు. మూడూ మార్చాలి. ఒకటి వదిలేస్తే డైలాగు బాగుండి సేవ్ బటన్ మాత్రం డబ్బాగా మిగిలిపోతుంది.

తర్వాత వరుసల మధ్య ఖాళీ. ఇంగ్లిష్‌కు సరిపడా వదిలిన చోటు మనకు చాలదు. పై వరుసలోని ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. అక్షరం సైజు 33 ఉంటే లైన్ స్పేసింగ్ 10 నుంచి 12 దాకా పెంచండి. అప్పుడు డైలాగు డబ్బాలో మూడు వరుసలే పడతాయి కాబట్టి ఒక్కో డైలాగు రెండు చిన్న వాక్యాలు మించకుండా రాయాలి. 'స్క్రిప్ట్‌లో' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. కొన్ని ఫాంట్లు దాన్ని కూడా డబ్బాగా చూపిస్తాయి. ఫాంటు ఖాయం చేసుకునే ముందు అలాంటి మాటలు పది రాసి చూసుకోండి.

ఆటగాడి పేరు అడిగి డైలాగుల్లో చొప్పించాలన్న ఆశ అందరికీ ఉంటుంది. తెలుగులో అది చిక్కు తెస్తుంది. 'రాముడు' అని ఇస్తే 'రాముడుకి చెప్పు' అని పడుతుంది. 'లక్ష్మి'కి ఒకటి, 'వెంకటేశ్'కి ఇంకొకటి. విభక్తి ప్రతి పేరుకూ మారుతుంది కదా. నాయకుడి పేరు మీరే ఖాయం చేయండి. తప్పదనుకుంటే పేరును పిలుపులో మాత్రమే వాడండి, కామా పెట్టి ఆపేయండి.

వేరియబుళ్ళ పేర్లు, బొమ్మల ఫైళ్ళ పేర్లు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే ఉంచండి. పెద్ద అక్షరం కలిస్తే విండోస్ పట్టించుకోదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో బొమ్మ దొరకక ఆట ఆగిపోతుంది. డైలాగులో చదరపు బ్రాకెట్ వస్తే రెన్‌పై దాన్ని వేరియబుల్ అనుకుంటుంది. నిజంగానే బ్రాకెట్ చూపాలంటే తెరిచేది రెండుసార్లు కొట్టాలి.

రోజులు, పూటలు

ఆటను 14 రోజులు పెట్టండి. రోజుకు మూడు పూటలు: పొద్దున, సాయంత్రం, రాత్రి. మొత్తం 42 పూటలు. ఒక్కో కథానాయికతో 8 కలయికలు రాస్తే ముగ్గురికీ 24. పని చేసి డబ్బు సంపాదించడానికి 15, గుహలో తిరగడానికి 12. కలిపితే 51. ఉన్నవి 42. ఆటగాడు ఎవరో ఒకరిని వదులుకోక తప్పదు. ఈ తొమ్మిది పూటల కొరతే ఆటకు ప్రాణం. 18 రోజులు చేసి అందరినీ సంతృప్తి పరిస్తే ఏ ఎంపికకూ విలువ ఉండదు.

కలివి రాత్రే వస్తుంది. 14 రాత్రుల్లో 8 ఆమెవైతే నిద్రకు మిగిలేవి 6. నిద్రపోని రాత్రి తర్వాత పొద్దున సంపాదన సగానికి తగ్గించండి. ఆమె ప్రేమ ఖరీదు లెక్కల్లో కనపడుతుంది.

సంపాదన విషయంలో మన దగ్గరే దొరికే మంచి వనరు ఒకటుంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాల కోసం నేల చూసుకుంటూ తిరుగుతారు. ఆటలో వాన పడిన మరుసటి పొద్దున మాత్రమే ఈ వెతుకులాట తెరవండి. 100కు 4 సార్లు రాయి దొరికేలా పెట్టండి. అంతకంటే పెంచితే మోటారు పని చేసేవాడు ఎవడూ ఉండడు.

యుద్ధం లెక్క

దెబ్బ లెక్క సులువుగా ఉంచండి: దాడి + పాచిక (1 నుంచి 6) − రక్షణ. ఫలితం 1 కంటే తగ్గకూడదు. తగ్గనిస్తే ఒక్కోసారి దెబ్బ కొట్టినందుకు శత్రువు ప్రాణం పెరిగే వింత తప్పు వస్తుంది.

నాయకుడికి ప్రాణం 30, దాడి 6, రక్షణ 4. నాగకన్యకు ప్రాణం 40, దాడి 7, రక్షణ 3. ఇద్దరి దెబ్బా సగటున 6.5 పడుతుంది. ఆమె పడిపోవడానికి 7 దెబ్బలు కావాలి, అతను 5 దెబ్బలకే పడిపోతాడు. ఒక రాగి సంగటి ముద్ద 12 ప్రాణం ఇస్తుంది, తినడానికి ఒక వంతు పోతుంది. రెండు ముద్దలు తింటే అతని మొత్తం ప్రాణం 54. చివరి దెబ్బ కొట్టేలోపు ఆమె 8 సార్లు కొడుతుంది, అంటే 52. అంచు మీద గెలుస్తాడు. గెలుపు ఇంత సన్నగా ఉంటేనే తిండి సర్దుకుని వెళ్ళడం అనే పనికి అర్థం ఉంటుంది.

ఇప్పుడు ఆమె స్వభావాన్ని లెక్కలోకి తెండి. పాతాళగంగ దగ్గర పోరాడితే ప్రతి వంతుకూ ఆమెకు 5 ప్రాణం తిరిగొస్తుంది. 6.5 కొడితే నికరంగా తగ్గేది 1.5. ఎన్ని సంగటి ముద్దలున్నా చాలవు. ఆటగాడికి రెండు దారులు. వెనక్కి తగ్గుతూ ఆమెను పొడిగా ఉన్న పై మండపాల వైపు లాక్కురావడం ఒకటి, కత్తి దించి పలకరించడం రెండోది. పైకి లాక్కొచ్చి ఓడిస్తే మణి దొరుకుతుంది, కానీ ఆమెను ఎండగట్టి గెలిచినట్టు. నమ్మకం మళ్ళీ 20 దాటదు. పలకరిస్తే మణి లేదు, దారి తెరుచుకుంటుంది. ఈ నియమాన్ని వివరించే డైలాగు పెట్టకండి. గోడ తడి, ఆమె ఒంటి మీద మెరుపు, రెండో వంతుకు మానుతున్న గాయం చూపిస్తే ఆటగాడే పట్టుకుంటాడు.

పాచికకు మామూలు పైథాన్ రాండమ్ వాడొద్దు, రెన్‌పై సొంత రాండమ్ వాడండి. రెన్‌పైలో మౌస్ చక్రం వెనక్కి తిప్పితే ఆట వెనక్కి పోతుంది. పైథాన్ రాండమ్ ఉంటే ఆటగాడు వెనక్కి తిప్పి తిప్పి 6 పడేదాకా ఆడతాడు. రెన్‌పైది వెనక్కి పోయినా అదే అంకె ఇస్తుంది.

ప్రాణం, నమ్మకం, డబ్బు లాంటి మారే విలువలన్నిటినీ 'డిఫాల్ట్'తో మొదలుపెట్టాలి. 'డిఫైన్' మారని వాటికి, అంటే పాత్రల పేర్లు, రంగులకు. నమ్మకాన్ని డిఫైన్‌లో పెడితే రెన్‌పై దాన్ని మారని విలువగానే లెక్కేస్తుంది. మారిన అంకె తెర మీద గానీ సేవ్‌లో గానీ సరిగా ఉంటుందన్న భరోసా ఉండదు. కొత్తవాళ్ళు సులువుగా చేసే తప్పు ఇది, వెతికి పట్టుకోవడం కష్టం.

నమ్మకం, చనువు

ఒకే ప్రేమ మీటరు పెడితే ఆటగాడు ప్రతిసారీ తియ్యటి జవాబు నొక్కుతూ పోతాడు. రెండు పెట్టండి. నమ్మకం, చనువు. రెండూ 0 నుంచి 100. పొగడ్త, సరసం చనువును పెంచుతాయి. మాట నిలబెట్టుకోవడం, ఆమె చెప్పింది గుర్తుంచుకోవడం నమ్మకాన్ని పెంచుతాయి. చనువు నమ్మకం కంటే 15 దాటి ముందుకెళితే ఆమె వెనకడుగు వేసే సీన్ రావాలి, తర్వాతి రెండు కలయికలు మూసుకోవాలి.

ఒక్కో ఎంపికకు 3 నుంచి 8 పాయింట్లు చాలు. సీన్లు తెరుచుకునే గీతలు 20, 45, 70 దగ్గర పెట్టండి. దగ్గరి సీన్‌కు 70 నమ్మకంతో పాటు ఆమె తనంతట తానే అడిగే లేదా ఒప్పుకునే డైలాగు తప్పనిసరి. అంకె నిండింది కాబట్టి ఆమె ఒప్పుకుంది అన్నట్టు ఎప్పుడూ రాయకండి. ఆటగాడు అక్కడ కూడా 'ఇవాళ వద్దు' అనే వీలుండాలి, అన్నందుకు శిక్ష ఉండకూడదు.

కలివి విషయంలో టార్చి ఒక వస్తువుగా ఉంచండి. వెలిగించి ఉంటే ఆమె నమ్మకం 5 తగ్గి ఆ రాత్రి రాదు. ఆర్పేస్తే మిగతా జంతువులు మొదటి దెబ్బ కొడతాయి. చీకట్లో నడవడమే ఆమె మీద ప్రేమ చూపడం.

బొమ్మలు

నిలబడిన మనిషి బొమ్మ కొలత నాగకన్యకు పనికిరాదు. తోక చుట్టలకు పక్కల చోటు కావాలి, 1,400 పిక్సెళ్ళ వెడల్పు కాన్వాస్ తీసుకోండి. కింద డైలాగు డబ్బా 278 పిక్సెళ్ళ ఎత్తు కప్పేస్తుంది. నడుము దగ్గర చర్మం పొలుసులుగా మారే చోటు చాలా అందమైనది. అది డబ్బా వెనక్కి పోకుండా పైకి జరిపి గీయండి.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రితా ఉచితం, ఈ పనికి సరిపోతుంది. ఒళ్ళు, కళ్ళు, కనుబొమ్మలు, నోరు, బట్టలు వేర్వేరు లేయర్లలో ఉంచి విడివిడిగా సేవ్ చేసి, రెన్‌పైలో లేయర్డ్ ఇమేజ్‌గా కలపండి. 4 కళ్ళు, 3 కనుబొమ్మలు, 4 నోళ్ళు గీస్తే 48 ముఖాలొస్తాయి. ఒక్కో ముఖాన్నీ పూర్తి బొమ్మగా సేవ్ చేస్తే ఆట సైజు ఊరికే ఉబ్బిపోతుంది. చివర్లో తక్కువ సైజు పట్టే వెబ్‌పీ రూపంలోకి మార్చండి.

నేపథ్యాలకు గండికోట వెళ్ళి సాయంత్రం ఫోటోలు తీసుకోండి. పెన్నా లోయ అంచున రాళ్ళ ఎరుపు ఆ వేళకే తేలుతుంది. మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం మూడూ నడిచేంత దూరంలోనే ఉన్నాయి, ఒకే చోట ఎన్నో నేపథ్యాలు దొరుకుతాయి. బెలుంలో సప్తస్వరాల గుహ ఉంది. అక్కడి రాతి ఊడలు తడితే మోగుతాయి. శబ్దం రికార్డు చేసుకోవాలని వాటిని కొట్టకండి, అవి విరిగితే మళ్ళీ పెరగడానికి వేల ఏళ్ళు పడుతుంది. స్టీలు గిన్నెల్లో వేర్వేరు మట్టాల్లో నీళ్ళు పోసి స్పూనుతో తట్టి ఫోన్‌లో రికార్డు చేస్తే దగ్గరగానే వస్తుంది. ఓగ్ ఫైలుగా మార్చి ఆడియో ఫోల్డర్‌లో వేయండి.

విడుదల

ముందు లాంచర్‌లో తప్పులు వెతికే లింట్ నడపండి. లేని బొమ్మలు, లేని లేబుళ్ళు, మొత్తం మాటల సంఖ్య అన్నీ చెబుతుంది. ఆ తర్వాత ఆండ్రాయిడ్ బిల్డ్ చేసి తక్కువ ర్యామ్ ఉన్న పాత ఫోన్‌లో ఆడి చూడండి.

గూగుల్ ప్లే లైంగిక అంశాలున్న ఆటలను ఒప్పుకోదు. స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు కట్టాలి, పెద్దలకు సంబంధించిన అంశాలు ఏమున్నాయో ఫారంలో దాచకుండా రాయాలి. ఇచ్.ఐఓలో పెట్టడానికి డబ్బు అక్కర్లేదు గానీ, 2025 జులైలో చెల్లింపు సంస్థల ఒత్తిడితో పెద్దల ఆటలన్నీ అక్కడి వెతుకులాట ఫలితాల నుంచి ఒక్కసారిగా మాయమయ్యాయి. కాబట్టి ఒక్క వేదిక మీదే ఆధారపడకండి. ఆట ఫైళ్ళు, కొన్నవాళ్ళ ఈమెయిళ్ళు మీ దగ్గర కూడా ఉంచుకోండి.

విడుదలయ్యాక లేబుళ్ళ పేర్లు మార్చకండి. ఆటగాడు ఆ లేబుల్ దగ్గర సేవ్ చేసి ఉంటే కొత్త వెర్షన్‌లో ఆ సేవ్ తెరుచుకోకపోవచ్చు. అక్షరదోషాలు దిద్దడం, కొత్త సీన్లు కలపడం పరవాలేదు. కొత్త వేరియబుల్ కావాలంటే డిఫాల్ట్‌తోనే చేర్చండి, పాత సేవ్‌లలోకి కూడా అది దానంతట అదే వచ్చేస్తుంది.